సారథి ధర్మం: ‘ఏలియన్స్’ చిత్రంలోని దళవాహక నౌక – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

భవిష్యత్తులో జరిగే యుద్ధాలను ఊహించే కథల్లో ఒక వాహనం పదే పదే కనిపిస్తుంది. రన్‌వే అవసరం లేకుండా నిట్టనిలువుగా దిగి, సైనికులను నేలమీద వదిలి, మళ్లీ నిలువుగా పైకి లేచే విమానం అది. ఆంగ్ల వైజ్ఞానిక కల్పనలో దీనికి డ్రాప్‌షిప్ అని పేరు. ఈ వ్యాసంలో దాన్ని దళవాహక నౌక అని వ్యవహరిస్తున్నాను. జేమ్స్ కామెరూన్ రచించి దర్శకత్వం వహించిన ‘ఏలియన్స్’ (1986) చిత్రంలో ఈ నౌక కథనాన్ని నడిపే తీరును పరిశీలించడం, అదే దర్శకుని ‘అవతార్’ (2009)లో ఆ ఊహ పొందిన పరిణామాన్ని గుర్తించడం ఈ వ్యాస లక్ష్యం.

ఇలాంటి వాహనాల ప్రస్తావన వచ్చినప్పుడు మన చర్చల్లో రెండు ధోరణులు కనిపిస్తాయి. దాన్ని కేవలం సాంకేతిక వింతగా, దృశ్యాలంకారంగా చూసి పక్కన పెట్టడం మొదటిది. ఇవన్నీ మన పుష్పకంలోనే ఉన్నాయని చెప్పి చర్చను ముగించడం రెండవది. ఈ రెండూ వాహనాన్నే చూస్తాయి గాని దాన్ని నడిపేవారిని చూడవు. దళవాహక నౌకకు సంబంధించిన అసలు ప్రశ్న అది ఎలా ఎగురుతుందన్నది కాదు. దించినవారిని తిరిగి తీసుకువెళ్లే బాధ్యత ఎవరిదన్నదే ఆ ప్రశ్న. దీన్ని పరిశీలించడానికి కావలసిన పరిభాష మన ఇతిహాస పురాణాల్లో విమాన వర్ణనలకంటే సారథి ప్రసక్తుల్లోనే దొరుకుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

నౌక – దాని వెనుక ఉన్న యుద్ధం

‘ఏలియన్స్’ కథలో సులాకో అనే అంతరిక్ష నౌక ఎల్‌వీ-426 అనే గోళం చుట్టూ కక్ష్యలో నిలుస్తుంది. ఆ గోళంపై నెలకొన్న వలసతో సంబంధాలు తెగిపోయాయి. విషయం తెలుసుకోవడానికి మెరైన్ దళం ఒకటి బయలుదేరుతుంది. సైనికులు ఒక కవచ శకటంలో కూర్చుంటారు. ఆ శకటం దళవాహక నౌక గర్భంలోకి చేరుతుంది. సులాకో అడుగుభాగం తెరుచుకోగానే నౌక రాయిలా కిందికి జారుతుంది. వాతావరణంలో ప్రవేశించిన తర్వాత విమానంలా ఎగిరి, నేలకు దగ్గరగా వచ్చి దిగుతుంది. శకటం బయటికి దూసుకుపోగానే నౌక ఆగకుండా మళ్లీ పైకి లేస్తుంది.

ఈ అవరోహణ దృశ్యంలో దర్శకుడు యంత్రం కంటే ముఖాలపైనే ఎక్కువ దృష్టి నిలిపాడు. అనుభవజ్ఞుడైన హిక్స్ నిద్రపోతుంటాడు. దళనాయకుడైన లెఫ్టినెంట్ గోర్మన్ చెమటలు కక్కుతూ కళ్లు మూసుకుంటాడు. ఎన్నిసార్లు ఇలా దిగావని అడిగితే అతడు చెప్పే సంఖ్య 38. అవన్నీ కృత్రిమ శిక్షణలో దిగినవే. నిజమైన యుద్ధంలో దిగడం ఇది రెండోసారి మాత్రమే. పరాక్రమమంతా శిక్షణ గదిలోనే ఉన్న నాయకుని చేతిలో తమ ప్రాణాలున్నాయని సైనికులకు అర్థమయ్యేసరికి నౌక సగం దూరం దిగిపోయింది. వెనుదిరగడం వారి చేతిలో లేదు.

ఇది భవిష్యత్తు కథే అయినా దీని అనుభవం గతానిదే. సాంకేతికంగా బలమైన సైన్యం తనకు తెలియని నేలపై పట్టుదల గల శత్రువు ముందు కుప్పకూలడం వియత్నాం యుద్ధాన్ని తలపిస్తుందని, అది తాను ఉద్దేశించిందేనని కామెరూన్ స్వయంగా చెప్పాడు. ఆ యుద్ధంలో హ్యూయీ హెలికాప్టరే దళవాహకం. 1965 నవంబర్ 14న ఇయా ద్రాంగ్ లోయలో అమెరికా 7వ అశ్వికదళానికి చెందిన 1వ బెటాలియన్ ఇలాంటి హెలికాప్టర్లలోనే దిగింది. బెటాలియన్ మొత్తాన్ని ఒకేసారి దించడానికి అవి చాలలేదు. అనేక విడతలుగా తిరగవలసి వచ్చింది. మొదట దిగినవారు తర్వాతి విడత వచ్చేదాకా ఒంటరిగా నిలబడ్డారు. కాల్పులు తీవ్రమైన తర్వాత కూడా బ్రూస్ క్రాండల్, ఎడ్ ఫ్రీమన్ అనే పైలట్లు ఆయుధాలు లేని హెలికాప్టర్లతో మళ్లీ మళ్లీ వచ్చి, మందుగుండు దించి, గాయపడినవారిని తీసుకెళ్లారు. వారికి అత్యున్నత సైనిక పతకం దక్కడానికి దాదాపు నాలుగు దశాబ్దాల కాలం పట్టింది. నిలువుగా దిగే వాహనం సైనికునికి ఇచ్చే హామీ ఏమిటో ఈ ఘటన చెబుతుంది. ఆ హామీ వాహనానిది కాదు, దాన్ని నడిపే మనిషిది.

రాబర్ట్ హైన్‌లైన్ నవల ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’ (1959)తో పోల్చితే కామెరూన్ చేసిన మార్పు స్పష్టమవుతుంది. ఆ నవలలో సైనికులను ఒక్కొక్కరుగా గుళికల్లో ఉంచి ఆకాశం నుంచి జారవిడుస్తారు. తిరిగి తీసుకెళ్లడానికి వేరొక నౌక వస్తుంది. కామెరూన్ ఈ రెంటినీ ఒకే వాహనంలో కలిపాడు. అందువల్ల ఆ ఒక్క వాహనం కూలితే సైనికులకు తిరుగుదారే ఉండదు. కథ మలుపు తిరిగేది సరిగ్గా ఇక్కడే.

పేర్లలోని చరిత్ర

ఈ నౌకకు ‘షయాన్’ అనే పేరు 1990లలో వెలువడిన ‘కలోనియల్ మెరైన్స్ టెక్నికల్ మాన్యువల్’ అనే అనుబంధ గ్రంథంలో స్థిరపడింది. షయాన్‌లు ఉత్తర అమెరికా మూలవాసుల్లో ఒక జాతి. 1864లో శాండ్ క్రీక్ వద్ద, 1868లో వాషిటా నది ఒడ్డున అమెరికా సైన్యం వారి శిబిరాలపై దాడిచేసింది. వాషిటా దాడి చేసింది 7వ అశ్వికదళమే. దాదాపు నూరేళ్ల తర్వాత అదే దళం ఇయా ద్రాంగ్‌లో దిగిన హెలికాప్టర్ అధికారిక నామం ‘ఇరొక్వాయ్’. అది కూడా ఒక మూలవాసి జనసమూహం పేరే. లాక్‌హీడ్ సంస్థ తయారుచేసిన ‘షయాన్’ అనే దాడి హెలికాప్టర్ 1967లో మొదటిసారి ఎగిరింది. 1972లో ఆ పథకం రద్దయింది. ఓడించిన జాతి పేరును యుద్ధవాహనానికి పెట్టుకునే ఈ సంప్రదాయాన్ని కల్పిత నౌక కూడా వారసత్వంగా పొందింది.

సులాకో అనే పేరుకు సాహిత్య మూలం ఉంది. జోసెఫ్ కాన్రాడ్ నవల ‘నొస్ట్రోమో’ (1904)లో వెండి గని చుట్టూ అల్లుకున్న రేవుపట్టణం పేరు అది. ఈ కథాక్రమంలోని మొదటి చిత్రం ‘ఏలియన్’ (1979)లో నౌక పేరు నొస్ట్రోమో. ‘ఏలియన్స్’లో సైన్యం వెంట కంపెనీ ప్రతినిధి బర్క్ కూడా ఉంటాడు. ఆ భీకర జీవిని ఆయుధంగా మార్చి లాభం పొందాలన్నది అతని పథకం. గని, కంపెనీ, సైన్యం అనే మూడింటి బంధాన్ని పేరు ముందుగానే సూచిస్తుంది. నౌక ముక్కుపై సైనికులు రాసుకున్న పేరు ఇంకో తెరను తీస్తుంది. పురుగులను తొక్కి చంపేది అని దాని అర్థం. ఎదుటివాణ్ణి పురుగుగా చూసే అహంకారంతో దిగిన ఆ నౌకలోకే ఆ జీవి ఒకటి ఎవరి కంటా పడకుండా చేరుతుంది. మోసుకెళ్లేది ఏమిటో తెలియనితనం దళవాహకంలో అంతర్లీనంగా ఉన్న వ్యంగ్యం.

పుష్పకమా? సౌభమా?

పుష్పకంతో పోలిక ఎంతవరకు నిలుస్తుందో ఇప్పుడు చూడవచ్చు. రామాయణ యుద్ధకాండ చివర రాముడు, సీత, లక్ష్మణుడు, వానరసేనతో సుగ్రీవుడు, మంత్రులతో విభీషణుడు పుష్పకంపై అయోధ్యకు బయలుదేరుతారు. ఎందరెక్కినా చోటుండే వాహనం కనుక అది దళవాహకమే అనుకోవచ్చు. అయితే అది ఎగిరేది యుద్ధం ముగిసిన తర్వాత. అది విజయయాత్రా సాధనమే గాని రణసాధనం కాదు. పైగా యజమాని సంకల్పాన్ని అనుసరించి సాగుతుంది. కుబేరునికీ, అతనినుంచి లాక్కున్న రావణునికీ, చివరకు రామునికీ ఒకేలా లోబడుతుంది. లోబడడమే తప్ప బాధ్యత వహించడం దానికి తెలియదు. ఇక ప్రాచీన విమానశాస్త్రంగా ప్రచారంలో ఉన్న ‘వైమానిక శాస్త్రం’ గురించి బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 1974లోనే పరిశీలన జరిపారు. ఆ గ్రంథం ఇరవయ్యో శతాబ్దానిదని, అందులోని నమూనాలు ఎగరజాలవని వారు తేల్చారు. ముందే కనిపెట్టామన్న వాదన వల్ల ఆ గ్రంథానికీ, మన కావ్యాలకూ కలిగే ప్రయోజనం లేదు.

యుద్ధవిమానానికి మన పురాణాల్లో దగ్గరి పోలిక సాల్వుని సౌభం. కృష్ణునిపై పగతో సాల్వుడు శివుని గురించి తపస్సు చేసి, మయుడు నిర్మించిన ఆ ఇనుప విమానాన్ని పొందుతాడు. సేనతో వచ్చి ద్వారకను ముట్టడిస్తాడు. ఆ సౌభం ఒకసారి నేలపై, ఒకసారి ఆకాశంలో, ఒకసారి కొండకొనపై, ఒకసారి నీటిపై కనిపిస్తూ యాదవులను కలవరపెడుతుంది. వ్యాసభారతం వనపర్వంలోనూ, భాగవతం దశమస్కంధంలోనూ ఉన్న ఈ కథలో సౌభాన్ని నడిపే మనిషి ప్రసక్తి లేదు. అదీ పుష్పకంలాగే ఇచ్ఛానుసారం తిరిగేదే.

కాని అదే యుద్ధంలో ఎదుటి పక్షంలో ఒక సారథి ఉన్నాడు. ప్రద్యుమ్నుడు దెబ్బతిని మూర్ఛపోగా, రథం తోలుతున్న దారుకుని కొడుకు అతణ్ణి రణరంగం నుంచి పక్కకు తప్పిస్తాడు. తెలివి వచ్చిన ప్రద్యుమ్నుడు తనను పారిపోయినవాణ్ణి చేశావని నిందిస్తాడు. సారథి తన పనిని సమర్థించుకుంటాడు. ఆపదలో ఉన్న రథిని సారథి, సారథిని రథి కాపాడాలన్నది ధర్మమని, తాను తెలిసే ఆ పని చేశానని అతని సమాధానం. తర్వాత మళ్లీ రథాన్ని యుద్ధంలోకి తోలుతాడు. ఇనుప విమానం ఎంత అద్భుతమైనదైనా, వ్యాసుడు ధర్మచర్చను దానిలో పెట్టలేదు. గుర్రాల పగ్గాలు పట్టినవాని నోట పెట్టాడు. దళవాహక నౌకను అర్థం చేసుకోవడానికి ఈ కథ అందించే తాళంచెవి ఇదే. ఆ నౌక ఆకారంలో విమానమైనా, కథాధర్మంలో రథం.

ముగ్గురు సారథులు

‘ఏలియన్స్’లో నౌకను నడిపే బాధ్యత క్రమంగా ముగ్గురి చేతులు మారుతుంది. మొదటి సారథి ఫెరో. దళం ఆపదలో చిక్కి, తిరిగి తీసుకెళ్లమని కోరినప్పుడు ఆమె నౌకను లేపుతుంది. సహచరుడు స్పంక్‌మేయర్ నౌకలో ఏదో జిగట పదార్థాన్ని గమనించినా, త్వరగా రమ్మని ఆమె తొందరపెడుతుంది. అప్పటికే లోపల చేరిన జీవి ఇద్దరినీ చంపుతుంది. ఎదురుచూస్తున్నవారి కళ్లముందే నౌక కూలిపోయి, వారి శకటాన్ని కూడా ధ్వంసం చేస్తుంది. తమకోసం వెతుకుతూ ఎవరైనా రావడానికి 17 రోజులు పడుతుందని అప్పుడు తెలుస్తుంది. ఇక్కడ సారథి ధర్మం తప్పలేదు. పిలిచిన వెంటనే ఫెరో బయలుదేరింది. తప్పింది రెండో సగం. సారథిని కాపాడవలసిన ఏర్పాటును రథికులు చేయలేదు. నౌకను తెరిచి ఉంచి, కాపలా లేకుండా వదిలారు. రక్షణ ఇరువైపులా సాగాలన్న దారుకుని కొడుకు మాటలోని లోతు ఈ ఘట్టంలో తెలుస్తుంది.

రెండవ సారథి రిప్లీ. ఇది నౌక కూలడానికి ముందు జరిగిన ఘట్టం. దళం మెరుపుదాడికి గురైనప్పుడు గోర్మన్ మాట రాక స్తంభించిపోతాడు. సలహాదారుగా మాత్రమే వచ్చిన రిప్లీ శకటం పగ్గాలు తానే అందుకుని, గోడలు గుద్దుకుంటూ లోపలికి తోలి మిగిలినవారిని రక్షిస్తుంది. తెలుగు పాఠకునికి ఇక్కడ తిక్కన విరాటపర్వంలోని ఉత్తరుడు, బృహన్నల గుర్తుకు రావడం సహజం. అంతఃపురంలో పౌరుషం పలికి, కౌరవసేనను చూడగానే రథం దిగి పరుగెత్తిన ఉత్తరునికీ, 38 కృత్రిమ శిక్షణల గోర్మన్‌కూ మధ్య దూరం తక్కువ. అయితే తేడా కూడా ముఖ్యమే. బృహన్నల సారథి స్థానాన్ని ఉత్తరునికి అప్పగించి తాను రథి అవుతాడు. రిప్లీ మాత్రం రథిగా మారడానికి కాక, సారథి కావడానికే నాయకుణ్ణి తోసిపుచ్చుతుంది. చంపడం కంటే తిరిగి తేవడమే గొప్పదని కథ ఈ స్థానమార్పు ద్వారా నిర్ణయించింది.

మూడవ సారథి బిషప్. అతడు మనిషి కాదు, మనిషి రూపంలో ఉన్న యంత్రం. మొదటి చిత్రంలో ఆష్ అనే యంత్రమానవుడు చేసిన ద్రోహం వల్ల రిప్లీ ఇతణ్ణి నమ్మదు. సులాకోలో మిగిలిన రెండో నౌకను దూరం నుంచే దించడానికి అతడు ఇరుకైన గొట్టంలో పాకుతూ ప్రసార స్తంభం చేరుకుంటాడు. నౌక ఖాళీగా దిగివస్తుంది. ఆ తర్వాత న్యూట్ అనే పాపను వెతుకుతూ రిప్లీ మళ్లీ పేలబోతున్న కేంద్రంలోకి వెళ్తుంది. ఆమె పాపతో తిరిగివచ్చేసరికి వేదికపై నౌక ఉండదు. ద్రోహం మళ్లీ జరిగిందనుకుని ఆమె ఆక్రోశిస్తుంది. మరుక్షణం నౌక కింది నుంచి పైకి లేస్తుంది. వేదిక నిలకడగా లేకపోవడం వల్ల బిషప్ గాలిలో తిరుగుతూ వేచి ఉన్నాడు.

ఈ ఘట్టం సారథికీ రథికీ మధ్య జరిగిన సంవాదానికి దృశ్యరూపం. కనబడకపోవడాన్ని పారిపోవడంగా ప్రద్యుమ్నుడు భావించినట్లే రిప్లీ కూడా భావించింది. నిజానికి తప్పుకోవడం కాపాడడంలో భాగం. ఆమె కూడా ఆ మాట తర్వాత ఒప్పుకుంటుంది. అయితే కథ ఈ శాంతితో ముగియదు. నౌక చక్రాల దగ్గర దాగి రాణి జీవి సులాకో దాకా వస్తుంది. బిషప్ దేహాన్ని చీల్చేస్తుంది. తిరిగి తెచ్చే నౌక శత్రువును కూడా తెస్తుందని, ఆ మూల్యాన్ని మొదట చెల్లించేది సారథేనని చిత్రం రెండుసార్లు చూపింది.

నిరాకరించే సారథి: ‘అవతార్’

ఇరవై మూడేళ్ల తర్వాత ‘అవతార్’లో కామెరూన్ ఇదే వాహనాన్ని మరో ప్రశ్నతో ముందుకు తెచ్చాడు. పండోరా గోళంపై ఖనిజం కోసం కంపెనీ సైన్యం నావీల మహావృక్షాన్ని కూల్చివేస్తుంది. నిలువుగా ఎగిరే ‘సామ్సన్’ దళవాహకాన్ని నడిపే ట్రూడీ, దాడి మధ్యలో కాల్చడానికి నిరాకరించి తన వాహనాన్ని వెనక్కి తిప్పుతుంది. తర్వాత బందీలైన మిత్రులను విడిపించి తీసుకెళ్తుంది. చివరి యుద్ధంలో నావీల పక్షాన ఎగిరి మరణిస్తుంది.

సారథి ధర్మానికి ఇది కొత్త చిక్కు. దారుకుని కొడుకు రథిని ప్రాణాపాయం నుంచి తప్పించాడు. ట్రూడీ తన వాహనంలోనివారిని అధర్మం నుంచి తప్పించింది. కర్ణుని రథంపై కూర్చుని, అతని పక్షం కానివాడిగా మాటలతో తేజోవధ చేసిన శల్యునితో ఆమెను పోల్చబుద్ధి పుడుతుంది. కాని శల్యుడు పగ్గాలు వదలలేదు, రథం మరల్చలేదు. మనసు ఒకచోట, చేయి ఒకచోట ఉన్న సారథి అతడు. ట్రూడీ వాటిని ఒక్కచోటికి తెచ్చింది. అదే చిత్రంలో ‘వాల్కిరీ’ అనే రవాణా నౌకలో గని పేలుడు పదార్థాలు నింపి, దాన్ని పవిత్రవృక్షంపై బాంబు విమానంగా ప్రయోగించబోవడం గమనించదగినది. మనుషులను మోసే వాహనం ఎప్పుడైనా మారణసాధనం కాగలదు. అలా మారకుండా ఆపగల చివరి చోటు పైలట్ ఆసనమే.

ఈ చిత్రాలకు పరిమితులున్నాయి. ‘ఏలియన్స్’లో శత్రువుకు స్వరం లేదు. వియత్నాం పోలికను పూర్తిగా అంగీకరిస్తే, అక్కడి ప్రజలను కేవలం భీకరజీవులుగా చూపినట్లవుతుంది. నౌక ముక్కుపై రాసిన అహంకారాన్ని చిత్రం పరిహసించినా, ఆ చూపు నుంచి పూర్తిగా బయటపడలేదు. ‘అవతార్’ ఎదుటిపక్షానికి స్వరం ఇచ్చింది గాని, వారిని గెలిపించే నాయకత్వాన్ని బయటినుంచి వచ్చినవానికే అప్పగించింది. సారథి కోణం నుంచి చదివితే ఈ లోపాలు తొలగవు. అయితే కథ తన లోపాన్ని తానే ప్రశ్నించుకునే చోటు ఎక్కడుందో కనిపిస్తుంది.

ముగింపు

హాలీవుడ్ చిత్రాన్ని పురాణ పరిభాషతో చదవడం అసంగతం కాదా అన్న ఆక్షేపణ రావచ్చు. కామెరూన్ సాల్వుని కథ చదివాడని గాని, ఒకదాని నుంచి ఒకటి పుట్టిందని గాని ఈ వ్యాసం చెప్పడం లేదు. ప్రభావాన్ని నిరూపించడం వేరు, ఒక సంప్రదాయం సాధించిన విచక్షణను మరో కృతిని చదవడానికి వాడుకోవడం వేరు. పుష్పకాన్ని చూపి మనమే ముందు అనడం వల్ల మిగిలేది గర్వం. సారథి మాటను గుర్తుచేసుకోవడం వల్ల మిగిలేది ఒక ప్రమాణం. దానితో మన ప్రాచీన కావ్యాలనే కాక, రేపటి కథలను కూడా తూచవచ్చు.

ఆ అవసరం ఇప్పుడు కల్పనకే పరిమితం కాదు. 2022 ఫిబ్రవరిలో అమెరికాలో బ్లాక్ హాక్ హెలికాప్టర్ ఒకటి లోపల ఎవరూ లేకుండా ఎగిరింది. అది దళాలను మోసే వాహనం. దాని పేరు కూడా అమెరికన్ సైన్యంతో పోరాడిన ఒక మూలవాసి నాయకునిదే. బిషప్ దూరం నుంచి నౌకను దించగలిగాడు. పేలబోతున్న కేంద్రం దగ్గర వేచి ఉండడానికి మాత్రం అతడు నౌకలో కూర్చోవలసి వచ్చింది. సారథి లేని దళవాహకం పుష్పకంలా, సౌభంలా ఎవరి ఇచ్ఛకైనా లోబడుతుంది. దించమంటే దించుతుంది. వేచి ఉండడమూ, వెనక్కి తిప్పడమూ ఎవరి ధర్మమవుతాయన్న ప్రశ్నకు అందులో సమాధానం చెప్పేవారుండరు. తెలుగులో వైజ్ఞానిక కల్పనపై జరిగే పరిశోధన వాహనాల జాబితాలను దాటి ఈ ప్రశ్న వైపు సాగవలసి ఉంది.